పుకారుకు పునాది

సాహిత్య విమర్శకు ఒక అలవాటు ఉన్నది. రచన పూర్తయి చేతికి వచ్చేదాకా అది నోరు విప్పదు. నవల అచ్చయినాక, నాటకం ఆడినాక, సినిమా విడుదలయినాక వాటి మంచిచెడ్డలు విచారిస్తుంది. ఇది సబబయిన పద్ధతే. కాని ఈనాటి వినోద ప్రపంచంలో తయారయిన వస్తువును గురించి జరిగే చర్చకంటే తయారుకాని వస్తువును గురించి జరిగే చర్చ ఎక్కువగా కనిపిస్తున్నది. సైన్స్ ఫిక్షన్ సినిమాల విషయంలో, వీడియో గేముల విషయంలో ఇది మరీ విపరీతం. నేనెరిగిన విద్యార్థులలో కొందరు ఒక గేము ఆడటానికి వెచ్చించే కాలంకంటే అది ఎప్పుడు వస్తుంది, అందులో ఎవరి ముఖం ఉంటుంది, ఎందుకు ఆలస్యమయింది అనే కబుర్లు చదవటానికి ఎక్కువ కాలం వెచ్చిస్తారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు వేళాకోళానికి అన్నమాట ఇప్పుడొక పెద్ద వ్యాపారానికి సరిగ్గా అతుకుతుంది.

ఈ వ్యాపారాన్ని విమర్శకులు పట్టించుకోకపోవటానికి కారణం దాన్ని చిల్లర విషయం అనుకోవటం. నాకట్లా తోచదు. ఇందులో ఒక నీతి సమస్య ఉన్నది, అది తేలికగా తెమిలేది కాదు. పుకారు చెప్పటం తప్పా అని అడిగితే, అబద్ధమయితే తప్పు, నిజమయితే ఒప్పు అని చాలామంది జవాబు చెబుతారు. కాని ఇంకా పుట్టని వస్తువు విషయంలో ఈ కొలత పనిచేయదు. ఫలానా సినిమా రెండోభాగం తీస్తున్నారని ఒకడు చెప్పాడు. అది రాలేదు. వాడు అబద్ధమాడినట్టా? వాడు చెప్పిన రోజున తీసే ఉద్దేశం ఉండి, మర్నాడు మానుకొని ఉండవచ్చు. వచ్చిందే అనుకుందాం. వాడు నిజం చెప్పినట్టా, గాలిలోకి విసిరిన రాయి తగిలినట్టా? నిజానిజాల గీటురాయి అవసరమే, కాని అదొక్కటీ చాలదు. ఈ మాట ఎక్కడ పుట్టింది, దానివల్ల ఎవరికి లాభం, అది వినేవాడి చూపును ఎటు తిప్పుతున్నది అని కూడా అడగాలి.

తెలుగు భాషలో ఈ విషయానికి పనికివచ్చే అక్షరం ఒకటున్నది. అది ‘ట’. ‘వాన పడింది’ అన్నవాడు తాను చూశానంటున్నాడు. ‘వాన పడిందట’ అన్నవాడు తాను చూడలేదనీ, ఒకరు చెప్పగా విన్నాననీ ఒప్పుకొంటున్నాడు. నా సాక్ష్యం ఇక్కడితో సరి, ఆపైన మీరే విచారించుకోండి అని ఆ అక్షరం చెబుతుంది. చదువురాని ముసలమ్మ కూడా ఈ తేడాను పొరపాటు లేకుండా పాటిస్తుంది. అయితే ఈ అక్షరానికి మరో వాడకం కూడా ఉన్నది. పక్కింటివాళ్ళను ఆడిపోసుకోదలచినవాళ్ళు ‘అనుకుంటున్నారట’ అని దానిచాటున దాక్కుంటారు. నిజాయితీకీ పిరికితనానికీ కూడా ఒకటే అక్షరం సరిపోతున్నది. వినోదవార్తల పరిశ్రమ ఈ రెండిటిలోనుంచి నిజాయితీని తీసేసి చాటును మాత్రం మిగుల్చుకొన్నది. శీర్షికలో ‘ట’ ఉండదు, ప్రశ్నార్థకం ఉంటుంది. లోపల ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అని ఉంటుంది. ఆ వర్గాలకు ముఖం లేదు, పేరు లేదు, చిరునామా లేదు.

ఇది కంప్యూటర్ల కాలంలో పుట్టిన జబ్బు కాదు. 1835 ఆగస్టులో న్యూయార్క్ నగరంలో ‘సన్’ అనే దినపత్రిక ఆరు వ్యాసాలు వరసగా ప్రచురించింది. జాన్ హెర్షెల్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు దక్షిణాఫ్రికా కొసనుంచి బ్రహ్మాండమయిన దుర్భిణితో చంద్రుణ్ణి చూశాడనీ, అక్కడ అడవులూ జంతువులూ గబ్బిలపు రెక్కలున్న మనుషులూ కనిపించారనీ అందులో రాశారు. హెర్షెల్ నిజంగా ఉన్నవాడే, నిజంగా ఆ రోజుల్లో అక్కడే ఉన్నవాడే. మిగిలినదంతా కల్పన. ఆ పత్రిక ఖరీదు ఒక్క సెంటు. చందాదారులను నమ్ముకోక వీధిలో రోజువారీ అమ్మకాన్ని నమ్ముకొన్న కొత్తరకం పత్రిక అది. ఈరోజు కొన్నవాడు రేపు మళ్ళీ కొనాలంటే వాడికి ఈరోజు పూర్తిగా తెలియకూడదు. ఆరు రోజుల పాటు చంద్రలోకం కొంచెం కొంచెంగా బయటపడటానికి కారణం దుర్భిణిలో లేదు, అమ్మకంలో ఉన్నది. ఇదే కథను కల్పన అని చెప్పి అమ్మితే అది సైన్స్ ఫిక్షన్ అయ్యేది. వార్త అని చెప్పి అమ్మారు కనుక పుకారయింది. ఊహలో దోషం లేదు. ఊహమీద వేసిన ముద్రలోనే దోషమంతా ఉన్నది.

పుకారు దేన్ని చూపుతుంది, దేన్ని చూపదు అన్నది తేల్చటానికి ఇంకా మంచి ఉదాహరణ 1982లో దొరుకుతుంది. ఆ సంవత్సరం జూన్‌లో స్పీల్‌బర్గ్ తీసిన ‘ఇ.టి.’ సినిమా అమెరికాలో విడుదలయింది. మరో గ్రహంనుంచి వచ్చి చిక్కుపడిన ప్రాణికీ, ఒక పిల్లవాడికీ కుదిరిన స్నేహం దాని కథ. ఆ కథను గేముగా చేసే హక్కులను అటారీ సంస్థ కొన్నది. అటారీ అప్పుడు వార్నర్ కమ్యూనికేషన్స్ అనే పెద్ద సంస్థకు చెందినది. బేరం తెగేసరికి జులై నెలాఖరు అయింది. క్రిస్మస్ అమ్మకాలకు సరుకు అంగళ్ళలో ఉండాలి. మామూలుగా నెలల తరబడి పట్టే పనిని హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్ సుమారు అయిదు వారాల్లో ముగించవలసి వచ్చింది. గేము బాగుండలేదు. లక్షల సంఖ్యలో చేసిన కాట్రిడ్జిలలో చాలాభాగం అమ్ముడుపోలేదు.

1983 సెప్టెంబరులో టెక్సాస్‌లోని ఎల్ పాసోనుంచి బయలుదేరిన లారీలు న్యూమెక్సికో రాష్ట్రంలో అలమగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో అటారీ సరుకును కుమ్మరించాయి. పైన సిమెంటు పోశారు. పత్రికల్లో ఆ వార్త అప్పుడే వచ్చింది. అయినా కాలం గడిచినకొద్దీ అదొక పుకారుగా మారింది. ఉన్నాయట, లేవట, అదంతా కట్టుకథట అని ముప్ఫయ్యేళ్ళు వాదించుకొన్నారు. చివరకు 2014 ఏప్రిల్ 26న ఒక డాక్యుమెంటరీ చిత్రంకోసం ఆ దిబ్బను తవ్వారు. కాట్రిడ్జిలు బయటపడ్డాయి. వాటిలో ‘ఇ.టి.’తోపాటు ఇతర గేములు కూడా చాలా ఉన్నాయి. కొన్నిటిని వేలం వేశారు. ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. పుకారు నిజమని తేలింది.

నిజమని తేలిన పుకారు గనకనే దీన్ని తీసుకున్నాను. నిజం తేలింది గదా, ఇక తప్పేమున్నది? తప్పెక్కడున్నదో చూడాలంటే ఆ ముప్ఫయ్యేళ్ళలో ఎవరూ తవ్వని విషయాలను చూడాలి. 1982 డిసెంబరు 7న వార్నర్ సంస్థ తన లాభాలు అనుకున్నంత ఉండవని ప్రకటించింది. మర్నాడు దాని వాటాల ధర ఇంచుమించు మూడోవంతు పడిపోయింది. ఆ ప్రకటన వెలువడటానికి అరగంటలోపే అటారీ అధిపతి తన వాటాలలో 5,000 అమ్మేశాడు. ప్రభుత్వపు నియంత్రణ సంస్థ ఆయనమీద కేసు పెట్టింది. తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా, వచ్చిన లాభం తిరిగి ఇచ్చి ఆయన ఆ వ్యవహారం ముగించుకొన్నాడు. 1983 ఫిబ్రవరిలో అటారీ తన ఉత్పత్తిలో అధికభాగాన్ని కాలిఫోర్నియానుంచి హాంగ్‌కాంగ్‌కూ తైవాన్‌కూ తరలించి, 1,700 మందిని పనిలోనుంచి తీసేసింది. చెత్తదిబ్బలో ఏమున్నదన్న సంగతి మూడు దశాబ్దాలు నలిగింది. ఆ 1,700 మంది ఏమయ్యారన్న సంగతిమీద పుకారు కూడా పుట్టలేదు.

అంతేకాదు. ‘ఇ.టి.’ గేము ఒక్కటే అటారీని ముంచిందనీ, వార్షా చేసిన గేము ప్రపంచంలోకెల్లా చెత్త గేమనీ చెప్పుకోవటం అలవాటయింది. అయిదు వారాల గడువు పెట్టినవారెవరు, అన్ని లక్షల కాట్రిడ్జిలు చేయమన్నవారెవరు అన్న ప్రశ్న వెనక్కుపోయింది. పుకారు సంస్థ చేసిన నిర్ణయాన్ని ఒక పనివాడి అసమర్థతగా మార్చింది. ప్రతి అక్షరం నిజమయిన పుకారు కూడా వినేవాణ్ణి తప్పుదారి పట్టించగలదనటానికి ఇంతకన్న రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు మొదటి సూత్రం చెప్పవచ్చు. తెలిసినవాడు పుకారును కొనడు. వాడికి సమాచారం ఉంటుంది. పుకారు తెలియనివాడి తిండి. అటారీ అధిపతికి పుకారుతో పనిలేదు, ఆయన దగ్గర లెక్కలున్నాయి. క్రిస్మస్‌కు పిల్లవాడికి గేము కొన్న తండ్రి దగ్గర పెట్టెమీది బొమ్మ ఉన్నది. ఫ్యాక్టరీలో కాట్రిడ్జిలు పేర్చిన కార్మికురాలి దగ్గర అదీ లేదు. పుకారు పుట్టేది ఈ తేడాలోనుంచి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు ఉన్నమాట నిజమే. పొయ్యి ఎవరిదో, దానిలో కట్టె ఎవరో చూడమనే నేననేది.

దీనికి వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. కళలో రహస్యం అవసరం కాదా? కథ చివర ఏం జరుగుతుందో ముందే చెప్పెయ్యమంటారా? ఇది న్యాయమయిన ఆక్షేపణ. 1980లో వచ్చిన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ సినిమాలో నాయకుడి తండ్రి ఎవరన్నది కథకు ఆయువుపట్టు. ఆ దృశ్యం తీసేటప్పుడు కవచం లోపల ఉన్న నటుడిచేత కూడా వేరే మాట చెప్పించి, అసలు మాటను తరవాత మరొకరి గొంతుతో చేర్చారు. ఇందులో మోసపోయినవారెవరూ లేరు. ప్రేక్షకుడు ఆ ఆశ్చర్యంకోసమే హాలుకు వచ్చాడు. తోలుబొమ్మలాటవాడు తెర వెనక బొమ్మను ముందుగా చూపించడు. చూపించమని మనం కూడా అడగం.

అయితే తెర వెనక దాచేవి రెండు రకాలు. కథ గుట్టు ఒకటి, పని గుట్టు మరొకటి. కథ గుట్టు ప్రేక్షకుడి మేలుకోసం దాచేది, కొంతకాలానికి దానంతటదే బయటపడేది. పని గుట్టు అంటే ఎన్ని గంటలు చేయించారు, జీతం ఎంత ఇచ్చారు, ఎవరిని తీసేశారు, సరుకు నిజానికి ఏ స్థితిలో ఉన్నది అనేవి. ఇవి దాచటంవల్ల ప్రేక్షకుడికి ఒరిగేదేమీ లేదు. కాని పనిలో చేరేవాడు సంతకం పెట్టే రహస్య ఒప్పందం సాధారణంగా ఈ రెండిటికీ ఒకటే తాళం వేస్తుంది. కథ గుట్టుకున్న గౌరవాన్ని పని గుట్టు ఎరువు తెచ్చుకొంటుంది. ఈ రెండిటినీ విడదీయటమే ఈ విషయంలో నీతికి మొదటి మెట్టని నా అభిప్రాయం.

విడదీయకపోతే ఏమవుతుందో పోలండ్‌లో తయారయిన ‘సైబర్‌పంక్ 2077’ చెబుతుంది. వార్సాలోని సిడి ప్రొజెక్ట్ సంస్థ 2012లో ఈ గేమును ప్రకటించింది. 2013 జనవరిలో మొదటి ట్రైలర్ వచ్చింది. భవిష్యత్తులో ఒక నగరం, దాన్ని ఏలే కంపెనీలు, మనుషుల శరీరాలలోకి కూడా చొచ్చుకుపోయిన వ్యాపారం దాని ఇతివృత్తం. 2019 జూన్‌లో అమెరికాలో జరిగిన ప్రదర్శనలో నటుడు కీయాను రీవ్స్ వేదిక ఎక్కి 2020 ఏప్రిల్ 16న గేము వస్తుందని చెప్పాడు. అది సెప్టెంబరుకు, తరవాత నవంబరుకు, ఆ తరవాత డిసెంబరు 10కి వాయిదాపడింది. ఉద్యోగులచేత నిర్బంధంగా అదనపు గంటలు చేయించబోమని 2019లో మాట ఇచ్చిన సంస్థ 2020 సెప్టెంబరులో వారానికి ఆరు రోజుల పని తప్పదన్నది. అదనపు పనికి జీతం ఇచ్చారు, అది పోలండ్ చట్టం. కాని మాట తప్పారు. ఆ సంగతి ఒక విలేఖరి బయటపెట్టాడు.

విడుదలకు ముందే 80 లక్షల ప్రతులకు జనం డబ్బు కట్టారని సంస్థే చెప్పింది. ముందుగా సమీక్షకులకు ఇచ్చినది ఖరీదయిన కంప్యూటర్లమీద ఆడే ప్రతి. సామాన్యుల ఇళ్ళల్లో ఉన్న పాత యంత్రాలమీద గేము ఎట్లా నడుస్తుందో విడుదలయ్యేదాకా చూడనివ్వలేదు. చూసేసరికి అది నడిచే స్థితిలో లేదు. వారం తిరగగానే సోనీ సంస్థ తన అంగడినుంచి దాన్ని తీసేసి డబ్బు వాపసు ఇస్తానన్నది. అది మళ్ళీ ఆ అంగడిలోకి వచ్చింది 2021 జూన్‌లో. ఆ జనవరిలో సంస్థ స్థాపకులలో ఒకరు జనం ముందుకు వచ్చి, తప్పు పనిచేసినవాళ్ళది కాదు, నిర్ణయాలు తీసుకొన్న తమదేనని చెప్పాడు. ఆ మాట అన్నందుకు ఆయన్ని మెచ్చుకోవలసిందే. కాని ఆ ఒక్క వాక్యం ముందే తెలిసివుంటే 80 లక్షల మందిలో ఎందరో ఆగి ఉండేవారు.

ఆ ఎనిమిదేళ్ళలో ఈ గేమును గురించి వెలువడిన కబుర్లు పోగుచేస్తే గ్రంథాలవుతాయి. నగరం ఎంత పెద్దదట, కార్లు ఎన్నట, ఆయుధాలు ఎన్నట! ఇన్ని కబుర్ల మధ్య కొనేవాడికి నిజంగా తెలియవలసినది ఒక్కటే: ఇంట్లో ఉన్న యంత్రంమీద ఇది ఆడుతుందా? చేసేవాళ్ళకు అది తెలుసు. వాళ్ళు చెప్పటానికి వీల్లేదు. చెప్పగలిగినవాళ్ళకు తెలియదు. ఈ రెండు గుంపుల మధ్య పుకారు ఇల్లు కట్టుకొన్నది. కంపెనీల పెత్తనాన్ని చిత్రించే కథను, తన ఉద్యోగుల నోటికి తాళం వేసిన కంపెనీయే అమ్ముకొన్నది. ఆ కథ అబద్ధమని నేననను. దాని రచయితలకు తాము రాస్తున్నది బాగా తెలుసుననే అనుకొంటాను.

పుకారు తిని పెరిగినవాడి మనసు ఎట్లా తయారవుతుందో కూడా చూడాలి. ఇంగ్లండులో గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్ళో కొద్దిమంది కలిసి ‘నో మాన్స్ స్కై’ అనే గేము చేశారు. ఆటగాడు లెక్కలేనన్ని గ్రహాలు తిరిగివచ్చే గేము అది. 2016 మే నెలలో అది వాయిదాపడబోతున్నదని ఒక విలేఖరి రాశాడు. ఆ రాసినందుకు అతన్ని చంపుతామని బెదిరించారు. వాయిదా నిజమేనని తేలినాక ఆ గేము చేసిన సంస్థ పెద్దను చంపుతామని బెదిరించారు. ‘సైబర్‌పంక్’ మూడోసారి వాయిదాపడ్డప్పుడు దాన్ని చేసేవాళ్ళకూ ఇదే జరిగింది. రెండుమూడు నెలలు ఆగవలసి వచ్చినందుకు ప్రాణం తీస్తామనటం! వీళ్ళు పుట్టుకతో దుర్మార్గులని నేననుకోను. ఏళ్ళ తరబడి ఒక వస్తువును మాటల్లో అనుభవించినవాడు అది తన సొత్తేననుకొంటాడు. ఆలస్యమయితే తన సొత్తు ఎవరో లాక్కున్నట్టు ఉంటుంది. ఆ ఆలస్యం వెనక నిద్రలేని మనుషులున్నారన్న విషయం వాడికి ఎవరూ చెప్పలేదు. అట్లాంటి విషయం చెప్పే విలేఖరి వాడికి శత్రువుగా కనిపిస్తాడు, గాలికబురు చెప్పేవాడు మిత్రుడుగా కనిపిస్తాడు.

2023 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఇన్‌సోమ్నియాక్ అనే సంస్థ కంప్యూటర్లలోనుంచి దొంగలు సమాచారం ఎత్తుకుపోయి, అడిగిన డబ్బు ఇవ్వలేదని లోకంమీదికి వదిలారు. దానిలో ఇంకా తయారుకాని గేము దృశ్యాలున్నాయి, ఉద్యోగుల పాస్‌పోర్టు ప్రతులూ ఉన్నాయి. ఒకే మూటలో కథ గుట్టూ ఉన్నది, మనుషుల బతుకులూ ఉన్నాయి. గేము దృశ్యాలకోసం ఆ మూటను విప్పినవాళ్ళు రెండోదాన్ని చూడనట్టు పక్కకు నెట్టారు. ‘నేను దొంగిలించలేదు, చూశానంతే’ అన్నది వాళ్ళ సమర్థన. దొంగసొత్తును చవకగా కొన్నవాడు కూడా ఈ మాటే అంటాడు.

ఇంతవరకు చెప్పినదానికి ఇద్దరు మిత్రులు రెండువైపులనుంచి అభ్యంతరం చెప్పవచ్చు. ఒకరంటారు: ‘కుర్రవాళ్ళు సరదాకు నాలుగు కబుర్లు చెప్పుకొంటే మీకేం పోయింది? మీ అభ్యుదయవాదులకు సంతోషమంటే గిట్టదు.’ నాకు సంతోషం గిట్టకపోవటమేమీ లేదు. నలుగురు కూర్చుని రాబోయే సినిమా ఎట్లా ఉంటే బాగుంటుందో ఊహించుకోవటం మంచి పనే. అది వాళ్ళ సొంత ఊహ. సైన్స్ ఫిక్షన్ అంటేనే ఊహ. ‘లోకం ఇట్లా ఉంటే మనిషి ఏమవుతాడు?’ అని అది అడుగుతుంది. పుకారు ‘ఎప్పుడు వస్తుంది? ఎవరున్నారు? ఎంత?’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్న వినేవాణ్ణి ఆలోచించేవాణ్ణి చేస్తుంది. రెండోది వాణ్ణి వరసలో నిలబెడుతుంది. భవిష్యత్తును గురించిన సాహిత్యం ఒక విడుదల తేదీకి కుదించుకుపోవటం సంతోషం తగ్గటమేగాని పెరగటం కాదు.

రెండో మిత్రుడు నాకంటె తీవ్రవాది. ఆయనంటాడు: ‘నోరు కట్టేసినవాడికి గుసగుసే ఆయుధం. పేరు చెప్పకుండా విలేఖరితో మాట్లాడిన ఉద్యోగి లేకపోతే ఆరు రోజుల పని సంగతి మీకెట్లా తెలిసేది? పుకారును ఖండిస్తే బలహీనుడి ఆయుధాన్ని లాక్కున్నట్టే.’ ఈ వాదంలో బలమున్నది. జమీందారీ రోజుల్లో కూడా దివాణం గుట్టు బయటికి వచ్చింది పనివాళ్ళ నోటనే. కనుక పేరు చెప్పని ప్రతిమాటా తప్పని నేననను. తేడా ఇక్కడున్నది. పేరు దాచుకొన్న ఉద్యోగి తన సొంత ప్రమాదానికి సిద్ధపడి, తాను స్వయంగా చూసినదాన్ని చెబుతున్నాడు. అతని మాటకు ‘ట’ అక్కర్లేదు. విలేఖరి దాన్ని పదిమందిని అడిగి సరిచూసి, ఆ సంస్థ జవాబు కూడా తీసుకొని ప్రకటిస్తాడు. ట్రైలర్‌కు ముందు గాలిలోకి వదిలే కబురులో చెప్పేవాడికి ప్రమాదమేమీ లేదు. అది సంస్థకు ప్రచారం, చెప్పినవాడికి ఆదాయం. ఒకే ముసుగు వేసుకొన్నంతమాత్రాన దొంగా, దొంగను పట్టించినవాడూ ఒకటికారు.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకొనేందుకు వీల్లేదు. 2013 ఫిబ్రవరిలో ‘లైఫ్ ఆఫ్ పై’ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ బహుమతి వచ్చింది. అందులో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ అప్పటికి రెండు వారాలు కాకముందే దివాలా తీసింది. హాలు బయట వందలమంది ఆ రంగపు పనివాళ్ళు నిరసన తెలుపుతుండగా, లోపల బహుమతి అందుకొన్నవారిలో ఒకరు ఆ సంగతి ఎత్తబోయారు. సంగీతం మోగింది, మైకు ఆగిపోయింది. ఆ సంస్థకు హైదరాబాదులో కూడా స్టూడియో ఉండేది. బహుమతి ఎవరికి వస్తుందట అన్నదానిమీద నడిచిన ఊహాగానాలలో నూరోవంతయినా ఆ స్టూడియోలలో జీతాలు ఎట్లా అందుతున్నాయన్న ప్రశ్నమీద నడవలేదు.

మన తెలుగు సైన్స్ ఫిక్షన్ సినిమాలకు కూడా ఈ గాలి తగిలింది. 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ కాలయంత్రాన్ని తెలుగు ప్రేక్షకుడికి పరిచయం చేసింది. 2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఎ.డి.’ అంతకుముందు చాలాకాలం ‘ప్రాజెక్ట్ కె’ అన్న పేరుతోనే తెలుసు. ఆ ‘కె’ అంటే ఏమిటన్న ప్రశ్ననే ప్రచారానికి వాడుకొన్నారు. పేరు 2023 జులైలో అమెరికాలో బయటపెట్టారు. విడుదల తేదీ జనవరినుంచి మేకు, మేనుంచి జూన్‌కు మారింది. కథ గుట్టుకు సంబంధించినంతవరకు ఇందులో ఎవరికీ అన్యాయం జరగలేదు. కాని ఒక తేదీ అయిదు నెలలు జరిగితే ఆ అయిదు నెలలూ కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళ రాత్రులు ఎట్లా గడుస్తాయని మన సినిమా పేజీలు అడగటం నేను అరుదుగా చూశాను. ఈ సినిమా అనే కాదు, ఏ సినిమా విషయంలోనూ అడగవు. ఇవాళ మన కాలేజీల్లో యానిమేషనూ గేముల తయారీ నేర్చుకొంటున్న పిల్లలు రేపు కూర్చోవలసినవి ఆ కుర్చీలే. తాము చేరబోయే పరిశ్రమను గురించి వాళ్ళకు తెలిసినదంతా పుకార్లనుంచి తెలిసినదే అయితే, ఆ అజ్ఞానంలో కొంత భాగం మనం పెట్టిన భిక్ష.

మార్గం లేకపోలేదు. పోలండ్‌లో 2023లో ఆ సంస్థ సుమారు నూరుమందిని తీసేయనున్నట్టు ప్రకటించినాక అక్కడి ఉద్యోగులు గేము పరిశ్రమ కార్మికులకు ఒక యూనియన్ పెట్టుకొన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికాలో మార్వెల్ సినిమాలకు విజువల్ ఎఫెక్ట్స్ చేసేవాళ్ళు ఏకగ్రీవంగా యూనియన్‌కు వోటు వేశారు. వీడియో గేములకు గొంతూ శరీరమూ ఇచ్చే నటులు కృత్రిమ మేధ తమ రూపాన్నీ గొంతునూ కాజేయకుండా రక్షణ కావాలని 2024 జులైలో సమ్మెకు దిగి, మర్నాటి సంవత్సరం ఒప్పందం సాధించారు. వీటిని నేను కార్మికోద్యమ విజయాలుగా మాత్రమే చూడటం లేదు. ఇవి పుకారుకు విరుగుడు. పేరు లేని ‘వర్గాలు’ పేరున్న మనుషులయిన చోట, ‘అలసిపోయారట’ అన్న మాట ‘మేం అలసిపోయాం’ అయిన చోట, పుకారు పునాది కదులుతుంది. ‘ట’ పోయి ఉత్తమపురుష వస్తుంది.

అధ్యాపకులూ విద్యార్థులూ చేయగలిగిన పని కూడా ఉన్నది. రాబోయే సినిమాను గురించీ గేమును గురించీ ఏ కబురు విన్నా మూడు ప్రశ్నలు వేయటం అలవాటు చేసుకోవాలి. చెప్పినవాడు చూశాడా, విన్నాడా? బయటపడినది కథ గుట్టా, పని గుట్టా? ఈ కబురువల్ల నాకు కనపడకుండా పోతున్న మనిషి ఎవరు? మొదటి ప్రశ్నకు జవాబు ‘విన్నాడు’ అయితే మనం కూడా ‘ట’ చేర్చి చెప్పాలి, లేదా ఊరుకోవాలి. కథ గుట్టయితే చేసినవాళ్ళకు వదిలిపెట్టాలి. పని గుట్టయితే నలుగురికీ చెప్పాలి. మూడో ప్రశ్నకు జవాబు వెతకటానికి మాత్రం కొంచెం శ్రమపడాలి, ఎందుకంటే ఆ మనిషి పేరు శీర్షికలో ఉండదు. సినిమా ఆఖరున, జనం లేచి వెళ్ళిపోతుండగా, చిన్న అక్షరాలలో వేగంగా పైకిపోయే పేర్లలో ఉంటుంది. అక్కడ కూడా లేనివాళ్ళు ఇంకా ఎందరో ఉన్నారు. వాళ్ళెవరో తెలుసుకొనేదాకా ఆ సినిమాను గురించి మనకు తెలిసినది సగమే.